ఎండిన పొర

14 జూన్ 1999

పేరు: లీలమ్మ. తరగతి: ఐదు, అక్కడితో ఆగింది. ఊరు: పుట్టింది చాపాడు, ఉండేది జమ్మలమడుగు. పని: గౌరీ డాక్టరమ్మ ఆసుపత్రిలో ఆయా, కాన్పుల వార్డు. మిషన్ బడిలో కొత్త పుస్తకం మొదటి పేజీలో ఇట్లా రాయించేవారు. అలవాటు పోలేదు.

ఈ పుస్తకం రషీదా కొనిచ్చింది. ఆమె పక్కనే కాలినవాళ్ళ వార్డులో ఆయా. "రాసుకోక్కా, నువ్వు రాయకపోతే అదంతా నా చెవుల్లో పోస్తావు" అంది. పాత పుస్తకం నా కొడుకు సుందరంది. పాలిటెక్నిక్‌కు పోతానని వాడు కొనుక్కున్నది. మొదటి నాలుగు పేజీలు వాడి లెక్కలు, వాడు పోయాక మిగతా అంతా నా రాత. అది నిండింది. ట్రంకుపెట్టె అడుగున పెట్టాను. దాని మీద చీరలు, చీరల మీద దుప్పటి.

ఈ పుస్తకంలో సంతోషంగా రాయాలనుకున్నాను. ఈరోజు మూడు కాన్పులు. ముగ్గురూ ఆడపిల్లలే, ముగ్గురూ గట్టిగా ఏడ్చారు. మూడో పిల్ల నాయనమ్మ భారతమ్మ, బిడ్డ వెంట వచ్చిన మాయను ఇయ్యనని కొంగు నడుముకు చుట్టి నిలబడింది.

"మా మాయను కోసి ఏం చేస్తావు మే?"

"కోసేది ల్యా పెద్దమ్మా. పైన ఉల్లిపొర మాదిరి ఒకటుంటాది, అది ఒలుచుకుంటా. కాలిన పుండు మీద పరిస్తే కింద కొత్త తోలు పుడతాది. మిగిలింది నీ చేతికే ఇస్తా, తీసుకపోయి పూడ్చుకో."

"ఎవురికి పరుస్తావు?"

"ఖాజీపేట పిల్లకి. వేన్నీళ్ళకాగు మీద పడింది."

"మా కులమేనా?"

రషీదా అటు పోతూ అంది: "పుండుకు కులమేంది పెద్దమ్మా. దానికుండేది మంట ఒకటే."

ఇచ్చింది. ఇచ్చి, ఆ పిల్లకు పెట్టమని రెండు అరటిపండ్లు కూడా ఇచ్చింది.

15 జూన్

నాలుగో ఆడపిల్ల.

19 జూన్

పొద్దున్నే డాక్టరమ్మ నా కోసం కాన్పుల వార్డుకు పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆమె ప్రొద్దుటూరు బంగారు అంగడి బాలకృష్ణయ్య గారి కూతురు. నాయన పాత నూనెమిల్లు ఇస్తే దాంట్లోనే ఈ ఆసుపత్రి పెట్టింది. వాన పడితే గోడలు ఇప్పటికీ చెనక్కాయ నూనె వాసన వేస్తాయి. పరిగెత్తే మనిషి కాదు.

"లీలమ్మా, మన పొరను ఎవురో పేటెంటు చేయించుకుంటాండారు."

అట్లా అంటే ఏమిటమ్మా అన్నాను. చేనుకు పట్టా ఉన్నట్టే, పనికి కూడా పట్టా ఉంటుందంట. ఎవరి పేరున ఉంటే వాళ్ళనడిగి మిగతావాళ్ళు చేయాలి. పై దేశంలో ఒక కంపెనీ వాళ్ళు, పొరను గుడ్డ మీద రింగుకు బిగించి, ఆరబెట్టి, దాచిపెట్టి వాడే పద్ధతి తమదేనని అక్కడా రాయించారు, ఇక్కడ మద్రాసు ఆఫీసులోనూ అర్జీ పెట్టారు.

"అది మనం చేసేదే కదమ్మా. వాళ్ళు ఈడికొచ్చి చూసిపోయినారా?"

"అట్లేం ల్యా. రెండిండ్లల్లో ఒకే పచ్చడి నూరుకోరా? నూరుకోనీ. ఈ పచ్చడి నాది, ఇంకెవురూ నూరగూడదంటేనే చిక్కు. అప్పుడు మనం వాళ్ళ పొరే కొనాల. మన వార్డులో ఎవురు కొంటారు చెప్పు?"

ఖాజీపేట పిల్ల తండ్రి నిన్న వేలిలో ఉంగరం తీసి చూపించాడు, మందులకు సరిపోతుందా అని. ఎవరు కొంటారు.

డాక్టరమ్మ ఒక కాగితం చూపించింది. కొత్త చర్మం, కొత్త ఎముక, బొడ్డుపేగు రక్తం, ఇట్లాంటి మరమ్మత్తు వైద్యాలకు ఏ దేశంవాళ్ళు ఎన్ని పేటెంట్లు రాయించుకున్నారో గీతలు గీసి ఉంది. ఏడాదికేడాది గీతలు పెరుగుతున్నాయి. అమెరికా గీత తాటిచెట్టంత. జపానుది వేపచెట్టంత. మనదేదమ్మా అన్నాను. ఆమె అద్దాలు తుడుచుకుని "ఇదో, ఈ చుక్క" అంది. రషీదా అది ఈగ మచ్చ అనుకుని గోటితో గీకింది. పోలేదు. మనదే.

ఆగస్టు ముగిసేలోపల మనం అడ్డం చెప్పవచ్చంట. వాళ్ళకంటే ముందే చేస్తున్నామని తేదీ ఉన్న కాగితం చూపాలంట.

"నీకు పొర ఎండబెట్టే తెలివి మొదట వచ్చిన దినం ఏదో జ్ఞాపకముందా?" అంది.

లేదన్నాను.

"యాడన్నా రాసిపెట్టినావా?"

లేదన్నాను.

అబద్ధం కాదు. ట్రంకుపెట్టె అడుగున ఉన్నది రాసిపెట్టడం కిందకు రాదు. నాతో నేను మాట్లాడుకున్నది అది.

25 జూన్

తొంభైయారో సంవత్సరం రిజిస్టరు ముందు పెట్టుకుని ముగ్గురం కూర్చున్నాం. ఎండిన పొర వేసినవాళ్ళ పేర్లు వెతకాలి. డాక్టరమ్మ చదివింది. స్టవ్ పేలింది. స్టవ్ పేలింది. స్టవ్ పేలింది. ఆ ఎండాకాలం ఒక్కటే ముప్పై ఒక్క స్టవ్‌లు పేలాయి. అందరూ మొగవాళ్ళు.

రషీదా గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "మన జిల్లాలో మొగోళ్ళు ఇంత వంట చేస్తాండారని నాకు తెలీదు. మా ఇంటాయన ఇక్బాల్ ఒక్కడేనేమో చెయ్యంది."

డాక్టరమ్మ బల్ల మీద తల పెట్టి నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. బాంబు చేతిలో పేలిందని ఎవరు రాయిస్తారు. వాళ్ళు స్టవ్ అంటే మనం స్టవ్ అని రాసుకున్నాం. పేరు కూడా వాళ్ళు ఏది చెబితే అది. ఊరూ అంతే. ఈ రిజిస్టరు పట్టుకుని ఎవరిని వెతకాలి? పుండ్లు నిజం, మిగతా అంతా కట్టుకథ.

"నీ తెలివి అంతా గాలికి పాయె లీలమ్మా" అంది.

మూడేళ్ళుగా ఈ మాట వింటున్నాను, లీలమ్మ తెలివి అని. విన్నప్పుడల్లా పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చినట్టు లేచి వెళ్ళిపోతాను. ఈరోజూ వెళ్ళిపోయాను.

3 జులై

మద్రాసు నుంచి లాయరు పద్మావతమ్మ గారు జాబు రాశారు. నోటి మాట చెల్లదు. అప్పుడే రాసిన రాత కావాలి. ఆ రాతలో ఉన్న రోగి, ఔను నాకే వేశారని సంతకం పెడితే ఇంకా గట్టి.

ఖాజీపేట పిల్ల కూర్చుంది. అరటిపండు తిన్నది.

4 జులై

వడియాలు పెట్టాను. వాన వచ్చింది.

5 జులై

ట్రంకుపెట్టెలో దుప్పటి ముక్కవాసన వస్తోందని ఎండకు వేశాను. అంతే.

6 జులై

చీరలు కూడా ఎండకు వేశాను.

7 జులై

ఇక మిగిలింది అదొక్కటే. తీశాను. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

*22 ఏప్రిల్ 1996. ఈరోజు పెద్దోబన్నను తెచ్చారు. చేతులు, రొమ్ము, మెడ. పేరు పట్టాభిరామయ్య, వ్యాపారం, స్టవ్ పేలింది అని రాయించారు. ఆ మీసాలు పట్టాభిరామయ్యవి కావు. సింహాద్రిపురం దగ్గర, ఎలక్షన్ల జీపుకు మా సుందరం మైకు కట్టుకుని పోతుంటే, ఆ జీపు మీద బాంబు వేసింది ఎవరో కోర్టుకు తప్ప అందరికీ తెలుసు. డాక్టరమ్మ పొర తెమ్మంది. ఫ్రిజ్జులో తడి పొరలు రెండు మంచివి ఉన్నాయి. అవి ఇచ్చిన తల్లులు ఇట్లాంటివాడికని ఇవ్వలేదు. నాలుగు రోజుల కిందట రింగుకు బిగించి మర్చిపోయిన పొర ఒకటి స్టెరిలైజరు గదిలో అప్పడంలా ఎండిపోయి ఉంది. పారేయాల్సింది. వీనికిదే శానా అని అది తీసుకుపోయాను. ఏందిది అంది డాక్టరమ్మ. కావాలనే ఎండబెట్టినానమ్మా, వేసి చూడండి అన్నాను. పట్టకపోతే పట్టకపోనీ.*

*3 మే 1996. పట్టింది. తడివి జారుతాయి, ఇది జారలేదు. చీము లేదు. పదకొండో రోజు దానంతట అదే రాలింది. కింద చర్మం పసిబిడ్డది. డాక్టరమ్మ నన్ను కౌగిలించుకుంది. నాకు ఏడుపు వచ్చింది. సంతోషమనుకుంది.*

ఇదీ లీలమ్మ తెలివి.

9 జులై

రెండు రోజులు కూర్చుని, అదే తేదీ వేసి, ఇంకో కొత్త పుస్తకంలో వేరే రాత రాశాను. బాగా కుదిరింది. కాలిన ఒక అన్నను చూసి నా మనసు కరిగిందని, తడి పొరలు జారిపోతున్నాయని చాలా ఆలోచించానని, ప్రార్థన చేసుకుంటే ఉపాయం తట్టిందని. రషీదాకు చదివి వినిపించాను.

"ఈ లీలమ్మ ఎవురక్కా? నాకు పరిచయం చెయ్యి. శానా మంచి మనిషిగా ఉండాది."

"బాగలేదా?"

"బాగుంది. పుస్తకం తిప్పి చూడు."

వెనక అట్ట మీద 1999 క్యాలెండరు అచ్చేసి ఉంది. తొంభైయారులో రాసిన రాతకు.

ఆ కాగితాలు చింపి స్టవ్ మీద కాల్చాం. ఈ జిల్లాలో స్టవ్ వల్ల నిజంగా కాలింది ఇదొక్కటే. నవ్వలేక ఇద్దరం నేల మీద కూర్చున్నాం. నవ్వు తగ్గాక రషీదా అడిగింది, అసలుది ఏదని. చూపించాను. ఆమె తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, చాలాసేపు పట్టింది. చదివి, పుస్తకం మూసి, నా జడ విప్పి మళ్ళీ అల్లింది. 

12 జులై

ఇచ్చేశాను. డాక్టరమ్మ నిలబడి మొదలుపెట్టి కూర్చుని ముగించింది.

"మూడేండ్లు అందరిముందర నిన్ను పొగిడితిని. ఒక్కసారన్నా ఆపకూడదా?"

"ఆపితే ఎందుకో చెప్పాల కదమ్మా."

"పారేయాల్సింది తెచ్చి నా చేతికిచ్చినావు. వాని బాగ్యం, అది స్టెరిలైజరు గదిలో ఉండె. బయట ఎండి ఉంటే చీము పట్టేది, నిన్ను ఆ దినమే ఇంటికి పంపేదాన్ని."

తల వంచుకుని విన్నాను. తిట్టు తినడం బాగుంది. పొగడ్త కంటే తేలిగ్గా ఉంది.

తర్వాత ఆమె ఆ పేజీ మళ్ళీ చదివి, పెదవులు బిగించి, నవ్వేసింది. "దీనికంటే గట్టి కాగితం ఇంకోటి దొరకదు లీలమ్మా. తన మీద తానే ఇట్లా దొంగరాత ఎవురు రాసుకుంటారు?"

పుస్తకం మొత్తం పంపాలంట, పేజీ చింపకూడదు. అంటే సుందరం నాలుగు పేజీలు కూడా పోతాయి. సరే అన్నాను. ఇంటికి వచ్చాక ఆ నాలుగు పేజీలు వేలితో తడుముతూ కూర్చున్నాను. లెక్కలు నాకు అర్థం కావు. ఏడు అంకెకు వాడు నడుము మీద అడ్డగీత పెడతాడు.

ఇక పెద్దోబన్న సంతకం. అది మాత్రం నేను అడగనని చెప్పాను.

8 ఆగస్టు

మళ్ళీ ఎలక్షన్లు. పెద్దోబన్న ఇస్త్రీ తెల్లబట్టలు వేసుకుని జీపు మీద మా వీధిలో తిరిగాడు. మైకు అరుస్తూ ఉంది. నాకు అప్పుడే దుప్పట్లు నానబెట్టే పని గుర్తొచ్చింది.

రషీదా చెప్పింది: చేతులెత్తి దండం పెడుతుంటే చేతులు నున్నగా ఉన్నాయంట, పసిబిడ్డవి మాదిరి.

15 ఆగస్టు

జెండా ఎగరేశాం. బూందీ పంచాం. అడగను.

21 ఆగస్టు

పెద్దోబన్న కోడలిని నిన్న పులివెందుల నుంచి తీసుకొచ్చారు, నొప్పులతో. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. డాక్టరమ్మ, నేను రాత్రంతా ఆమె పక్కనే. తెల్లారి పుట్టాడు. మగబిడ్డ. నేనే కడిగాను. అరచేయంత మనిషి, నా వేలు పట్టుకుని వదలడు.

మాయ పూడ్చడం ఇంటిపెద్ద చేతుల మీదుగా జరగాలని వాళ్ళ ఆచారం. పెద్దోబన్న కొత్త చట్టి తీసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను గిన్నెతో వచ్చాను. ఎవరినైనా అడుగుతాను. అతన్నీ అడిగాను.

"పైన పొర ఒలుచుకుంటానప్పా. మిగిలింది నీ చట్టిలో పెడతా."

"ఎవురికి?"

"ఇంకా తెలీదు. ఎండబెట్టి పెడతా. ఎవురొస్తే వాళ్ళకి."

అతను తన చేతులు చూసుకున్నాడు. "నాకు పరిచింది నువ్వే కదమ్మా."

"నేనే."

"మైకు పిల్లోని తల్లివి."

"ఔ. సుందరం వాని పేరు."

"నేనెవురో తెలిసే పరిచినావా?"

 డాక్టరమ్మ గదిలో నుంచి పాత పుస్తకం తెచ్చి చదివాను. బడిలో పాఠం అప్పగించినట్టు నిలబడి, ఒక్క మాట వదలకుండా. డాక్టరమ్మ తలుపు దగ్గర ఆగిపోయింది. ఆమె వెనక రషీదా.

చదవడం అయ్యాక అతను అన్నాడు: "నాకు ఎండిపోయింది ఇచ్చినావా?"

"ఎండిపోయిందే."

"పారేయాల్సింది."

"ఔనప్పా."

చట్టి ఈ చేతిలో నుంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నేనైతే అది కూడా ఇచ్చుండను" అన్నాడు.

లోపల బిడ్డ ఏడ్చింది. అతను "ఆ దినం జీపులో పిల్లోడు ఉండాడని..." అని మొదలుపెట్టాడు. వద్దన్నాను. ఆపాడు.

అప్పుడు నేనే అడిగాను, సంతకం సంగతి. అడగనన్నదాన్ని.

"పోలీసోళ్ళు వస్తారేమో" అన్నాడు.

డాక్టరమ్మ కలగజేసుకుంది. "మద్రాసోళ్ళకు పుండు మీద ఏం పరిచినామో కావాల. ఏం పేలిందో కాదు."

"ఏం పేలిందంటే స్టవ్ పేలింది. అట్లే రాయండి."

"పేరెందుకు మార్చి చెప్పినావని అడిగితే?"

అతను మీసం సవరించుకున్నాడు. "మొగోడు వంట చేస్తాండాడని తెలిస్తే మా ఊర్లో ఓట్లు పడవు. అట్లా రాయండి."

రషీదా కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది.

"పుస్తకంలో జీపు సంగతి కూడా ఉంది" అని నేను చెప్పాను. "అది తుడపను."

అతను పేజీ తనవైపు తిప్పుకుని చూశాడు. చదవగలడో లేదో నాకు తెలియదు. "ఉండనీ" అన్నాడు. కింద జాగా చూసుకుని, తేదీ వేసి, అసలు పేరుతో సంతకం పెట్టాడు. కోర్టులో పెట్టని సంతకం.

తర్వాత చట్టి పట్టుకుని, రెండు చేతులతో, మెల్లగా నడిచి వెళ్ళాడు.

నేను పొరను రింగుకు బిగించాను. మగబిడ్డ, 21 ఆగస్టు, అని చీటీ రాశాను. ఆకలేసింది. రెండు ముద్దల సంగటి తిన్నాను, చాలా రోజుల తర్వాత మూడోది అడిగాను.

26 ఆగస్టు

పుస్తకం మద్రాసు పోయింది. రిజిస్టరు పోస్టు.

10 అక్టోబరు

పెద్దోబన్న డజను చెక్క రింగులు చేయించి పంపాడు. అన్నింటికీ పార్టీ రంగు వేయించాడు. రషీదా గాజుపెంకుతో గీకుతూ కూర్చుంది. "పుండుకు కులం లేకపోతే పార్టీ ఉంటాదా" అని నేను అంటే, "నా మాట నాకే అమ్ముతాండావు, దానికీ పేటెంటు చేయించాల్సింది" అంది.

17 ఫిబ్రవరి 2000

జాబు వచ్చింది. ఆ కంపెనీవాళ్ళు మన కాగితాలు చూసి, ఆరబెట్టే పద్ధతి వరకు తమ అర్జీలో నుంచి తీసేసుకున్నారంట. డాక్టరమ్మ ప్రొద్దుటూరు నుంచి మైసూర్‌పాకు తెప్పించింది. మరి మనమే రాయించుకుందామా అని అడిగాను. అందరికీ తెలిసిన పని అయ్యాక ఇంక ఎవరి పేరునా రాయరంట, మన పేరున కూడా. మంచిదే. వడియాలకు పట్టా ఎవరు అడిగారు.

ఈగ మచ్చ పెరగలేదని రషీదా ఒకటే దిగులు.

2 మార్చి

రషీదా మనవరాలు కాగే టీ గిన్నె మీదికి లాక్కుంది. రెండేళ్ళ పిల్ల. భుజం, రొమ్ము. రషీదా పిల్లను ఎత్తుకుని చెప్పులు లేకుండా వచ్చింది.

డాక్టరమ్మ కడిగి, నా వైపు చూసింది. "ఫ్రిజ్జులో తడివి రెండుండాయి. ఏది తెస్తావు?"

"ఎండింది" అన్నాను. పోయి తెచ్చాను. మగబిడ్డ, 21 ఆగస్టు.

రషీదా ఏడుస్తూనే అడిగింది: "పారేయాల్సిందా అక్కా?"

"కాదు. దాచుకున్నది."

13 మార్చి

రాలింది. పదకొండో రోజే. పిల్ల దాన్ని చేత్తో పట్టుకుని అప్పడమనుకుని నోట్లో పెట్టుకోబోయింది.

సాయంత్రం పోస్టులో సుందరం పుస్తకం తిరిగి వచ్చింది. మద్రాసు ఆఫీసువాళ్ళు ఏ పేజీ వదలకుండా గుండ్రటి ముద్ర వేశారు. నా రాతల మీద, పెద్దోబన్న సంతకం మీద, మొదట్లో వాడి లెక్కల మీద కూడా. నాలుగో పేజీలో ఒక లెక్క వాడు సగంలో ఆపి ఉన్నాడు. దాని మీద కూడా వేశారు, పరీక్ష కాగితం మీద వేసినట్టు, నీలం సిరాతో, నిటారుగా, బాగా పడింది.

పాసైనాడు.